పాత సినిమాల్లో స్టేషన్ వ్యాగన్లు

మన తరం వారికి కారు అంటే ‘ప్లెజరు’. వెనక డిక్కీ ఉంటే ప్లెజరు. పైకప్పు తోక దాకా సాగి, అక్కడ తలుపు ఉంటే ‘వ్యాను’ అని ఊరుకునేవాళ్ళం. దాని అసలు పేరు స్టేషన్ వ్యాగన్. పదవీ విరమణ తర్వాత టీవీలో పాత చిత్రాలు చూస్తూ ఈ బండ్లను పట్టుకోవడం నాకొక వ్యాపకమైంది. ఇంట్లోవాళ్ళు కథ చూస్తుంటే నేను హీరో వెనక నిలబెట్టిన బండిని చూస్తుంటాను. కొండ బస్సుల షెడ్డులో పనిచేసిన కళ్ళకు ఇంకేం కనబడుతుంది!

ఆ పేరు రైలు స్టేషను నుంచే వచ్చింది. అమెరికాలో ఫోర్డు మోడల్ టి ఛాసిస్ మీద వడ్రంగులు కొయ్య బాడీ కట్టి, రైలు దిగినవాళ్ళనూ వారి పెట్టేబేడానూ చేరవేసేవారు. 1929లో ఫోర్డు వారే మోడల్ ఎ మీద ఇలాంటి బండి తయారుచేసి అమ్మారు. ఇంగ్లండులో దీన్నే ‘ఎస్టేట్ కారు’ అన్నారు. అక్కడ 1953లో వచ్చిన మోరిస్ మైనర్ ట్రావెలర్‌కు వెనక భాగపు కొయ్య చట్రం బయటికే కనబడుతుంది. 1946లో అమెరికా విల్లీస్ కంపెనీ బ్రూక్స్ స్టీవెన్స్ అనే డిజైనరు చేత మొత్తం ఇనుప రేకుతో జీపు స్టేషన్ వ్యాగన్ చేయించింది. జనం కొయ్యకు అలవాటు పడ్డారని, రేకు మీద కొయ్య పలకల్లా గాళ్ళు నొక్కించారు. ఈ బండిని మహీంద్రా వారు మన దేశంలోనూ తయారుచేశారు.

తిరుపతికి రైలు 1891లో వచ్చింది. పరుపుచుట్టలు, మరచెంబులు, పిల్లాజెల్లాతో రైలు దిగే సంసారానికి ఇంతకంటే తగిన బండి ఏముంది? కాని కొండకు మోటారు దారి లేదు. నడవాలి, లేదా డోలీ ఎక్కాలి. 1944లో మొదటి ఘాట్ రోడ్డు పడింది. దాంట్లో 36 హెయిర్‌పిన్ మలుపులు. 1974లో రెండో రోడ్డు వచ్చేదాకా ఎక్కే బండీ దిగే బండీ అదే దారిలో పోవాలి. వ్యాగనుకు వెనకభాగం పొడుగు. సామానంతా అక్కడే పడితే ఎక్కేటప్పుడు ముందు చక్రాలు తేలికై స్టీరింగు పట్టు తగ్గుతుంది, వెనక స్ప్రింగులు కుంగుతాయి, రేడియేటరు మరుగుతుంది. దిగేటప్పుడు బ్రేకు ఒక్కదాన్నే నమ్మకుండా చిన్న గేరులో దించాలి. సినిమాలో ఘాటు రోడ్డు మీద వ్యాగన్ సర్రున పోతుంటే నాకు నవ్వొచ్చేది అందుకే.

ఇక గుర్తుపట్టే సంగతి. పౌరాణికాల్లో వెతికి లాభం లేదు కదా. సాంఘికాలు, అందులోనూ 1966లో ‘గూఢచారి 116’ తర్వాత జోరందుకున్న క్రైం చిత్రాలు చూడాలి. పక్కనుంచి మూడో అద్దం, వెనక రెండుగా తెరుచుకునే తలుపు కనబడితే చాలు. చిక్కల్లా ముందునుంచి చూసినప్పుడే. అంబాసిడర్ ఎస్టేటుకూ మామూలు అంబాసిడరుకూ మొహం ఒకటే. పైగా కారులో మాటలూ పాటలూ చాలావరకు స్టూడియోలోనే, కదలని బండిని తెర ముందు పెట్టి తీసేవారు. అప్పుడు నటుల తలల వెనక చూడండి. సీటు దాటగానే అద్దం వాలి ఉంటే ప్లెజరు. ఇంకా లోపలికి ఖాళీ ఉండి, పక్కన మరో కిటికీ వెలుగు పడుతుంటే వ్యాగన్. అంబులెన్సులు మాత్రం తికమక పెడతాయి. 1984 నాటి ‘ఘోస్ట్‌బస్టర్స్’ అనే అమెరికా సినిమాలోని బండి కూడా 1959 కాడిలాక్ మీద కట్టిన అంబులెన్సే. 1983లో వచ్చిన ‘వెకేషన్’లో మాత్రం ఫోర్డు వ్యాగనుకు అక్కరలేని దీపాలూ ఉత్తుత్తి కొయ్య పలకలూ తగిలించి బాగా వెక్కిరించారు.

మన దగ్గర ఈ బండి ఎందుకో నిలదొక్కుకోలేదు. 1992లో టాటా వారు డీజిలు ఇంజనుతో, మీట నొక్కితే దిగే కిటికీ అద్దాలతో ‘ఎస్టేట్’ తెచ్చారు. ముచ్చటైన బండే. కాని కుటుంబాలు అప్పటికే 1984లో వచ్చిన మారుతి వ్యానుకు అలవాటుపడ్డాయి. బాడుగలకు జీపు ఉంది. డబ్బున్నవాడు డిక్కీ లేని కారును సామాన్ల బండిగానే చూశాడని నా అభిప్రాయం.

ఆ బండ్లలో చాలావరకు పాత ఇనుము కింద పోయాయి. మిగిలిన సాక్ష్యం సినిమాలే. వాటికీ గ్యారంటీ లేదు. రంగుల ప్రింట్లు వెలిసిపోయాయి. 1974లో ‘అల్లూరి సీతారామరాజు’తో తెలుగులో సినిమాస్కోపు మొదలయ్యాక, ఆ వెడల్పు బొమ్మను పాత చదరపు టీవీ కోసం రెండు వైపులా కత్తిరించి వేసేవారు. కథకు నష్టం లేదుగాని బండి తోక తెగిపోయేది. వ్యాగనుకు గుర్తే తోక.

మన సభ్యుల ఇళ్ళలో 1974కు ముందు ఘాటు రోడ్డు మీదో, అలిపిరి దగ్గరో తీయించుకున్న కుటుంబ ఫొటోలు ఉంటే, మనుషుల వెనక నిలిచిన బండిని ఒకసారి చూడండి. ఫొటో వెనక సంవత్సరం రాసి, సంఘం ఆఫీసుకు ఒక కాపీ ఇవ్వండి. బండి పేరు నేను చెబుతాను.