ఖర్జూరపు రొట్టె: ఒక చారిత్రక పరిశీలన

ఆహార పదార్థాల చరిత్రను పండితులు చాలాకాలం చిన్నచూపు చూశారు. రాజులు, యుద్ధాలు, ఒడంబడికలు చరిత్ర అనిపించుకున్నాయి; రొట్టె, నెయ్యి, ఖర్జూరం వంటింటి ముచ్చట్లుగా మిగిలిపోయాయి. కాని ఒక రొట్టె ముక్కను చేతికి తీసుకొని, అందులో ఏమేమి పడ్డాయో, అవి ఎక్కడినుంచి వచ్చాయో, వాటిని ఎవరు పండించారో విచారిస్తూ పోతే ఆ రాజులూ ఆ ఒడంబడికలూ అందులోనే ఎదురవుతాయి. అమెరికా గృహిణులు 20వ శతాబ్ది తొలి దశాబ్దాలనుంచి ఇళ్లలో కాల్చుకుంటూ వచ్చిన ఖర్జూరపు తీపి రొట్టెను ఈ దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

దాని తయారీ తేలిక. గింజ తీసిన ఖర్జూరాలను ముక్కలు కోసి, వాటిపై చెంచాడు వంటసోడా చల్లి, సలసల కాగే నీరు పోసి చల్లారనిస్తారు. పిదప వెన్న, ముడి చక్కెర, గుడ్డు గిలకొట్టి అందులో కలిపి, గోధుమ పిండి, అక్రోటు పలుకులు చేర్చి, పొడవాటి రేకు అచ్చులో పోసి, 350 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడిలో సుమారు గంటసేపు కాలుస్తారు. ఈస్టు వేసి పిండి పులిసేదాకా కాచుకొని కూర్చోనక్కరలేదు. సోడా ఖర్జూరపు తోలును మెత్తబరుస్తుంది. ఖర్జూరంలోను, ముడి చక్కెరలోను ఉన్న స్వల్ప ఆమ్లంతో కలిసి, భట్టీ వేడికి వాయువును విడిచి పిండిని పొంగిస్తుంది. రొట్టెకు వచ్చే ముదురు రంగుకు కూడా చాలావరకు అదే కారణం.

హైస్, ఖుష్కనానజ్

ఖర్జూరాన్ని పిండితోను, కొవ్వుతోను కలిపి తినడం అరబ్బులకు అతి ప్రాచీనమైన అలవాటు. హిజ్రీ 7వ సంవత్సరంలో (క్రీ.శ. 628) ఖైబర్ నుంచి తిరిగి వస్తూ దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) హజ్రత్ సఫియ్యా (రజి)ను వివాహమాడినప్పుడు ఇచ్చిన వలీమా విందులో హైస్ వడ్డించారని హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. ఖర్జూరం, నెయ్యి, ఎండబెట్టిన పెరుగు గడ్డ కలిపి పిసికినదే హైస్. దానికి పొయ్యి అవసరం లేదు. ఎడారి ప్రయాణంలో సులువుగా అమరే వంటకం.

ఆరు శతాబ్దాల తరువాత అదే పేరు బాగ్దాదు నగరంలో కొత్త రూపం దాల్చింది. ముహమ్మద్ ఇబ్నుల్ హసన్ అల్ బగ్దాదీ హిజ్రీ 623లో (1226) రచించిన ‘కితాబుత్ తబీఖ్’లో హైస్‌కు కొలతలున్నాయి. ఎండు రొట్టె పొడి ఒక రతల్, గింజ తీసిన ఖర్జూరం ముప్పావు రతల్, దంచిన బాదం పిస్తాలు మూడు ఊఖియాలు, కాచిన నువ్వుల నూనె రెండు ఊఖియాలు కలిపి ముద్దలు చేసి, పైన చక్కెర పొడి చల్లాలి. ప్రయాణికులకు ఇది మేలైనదని గ్రంథకర్త చివర సూచించాడు. అదే గ్రంథంలో ఖుష్కనానజ్ అనే మరొక వంటకం ఉంది. ఫార్సీలో ‘ఎండు రొట్టె’ అని ఆ పేరుకు అర్థం. నువ్వుల నూనెతో కలిపిన పిండిలో బాదం, చక్కెర, పన్నీరు కూర్చి భట్టీలో కాల్చినది అది.

ఈ గ్రంథానికి మన నగరంతో సంబంధం ఉంది. ఇస్తాంబుల్‌లోని రాతప్రతి ఆధారంగా దావూద్ చెలెబీ 1934లో మోసుల్‌లో మూలాన్ని ప్రచురించగా, ఎ. జె. ఆర్బెరీ ఆంగ్లానువాదం 1939లో వెలువడింది హైదరాబాదు త్రైమాసిక పత్రిక ‘ఇస్లామిక్ కల్చర్’లోనే. పిక్తాల్ తొలి సంపాదకుడుగా 1927లో ప్రారంభమైన పత్రిక అది. బాగ్దాదు వంటశాల ఆంగ్ల పాఠకులకు దక్కనులో తెరుచుకున్నదనడం అతిశయోక్తి కాదు.

అయితే అమెరికా రొట్టె ఈ హైస్‌కు సంతానమని చెప్పడం తొందరపాటు. ఆ గృహిణులలో బగ్దాదీ పేరు విన్నవారు ఉండరు. ఆమ్లంతో కలిసి పిండిని పొంగించే క్షారం వాడకం 18వ శతాబ్ది చివర అమెరికాలో వ్యాపించిన పద్ధతి. 1796లో అచ్చయిన అమీలియా సిమన్స్ వంటల పుస్తకంలో కట్టె బూడిదనుంచి తీసిన క్షారం వాడకం కనిపిస్తుంది. 19వ శతాబ్ది నడుమ శుద్ధమైన వంటసోడా, ఆపై బేకింగ్ పౌడరు అంగళ్లకు వచ్చాయి. క్షారానికి ఐరోపా భాషలు వాడే ‘ఆల్కలీ’ అనే మాట మాత్రం అరబ్బీదే. ఉప్పునేల మొక్కల బూడిదను ‘అల్ ఖలీ’ అన్నారు. మాట ఒకచోటినుంచి, పద్ధతి మరొకచోటినుంచి వచ్చాయి. ఇస్లామీ నాగరికత ఈ రొట్టెకు నిజంగా ఇచ్చినది ఖర్జూరం. అది ఎలా వెళ్లిందన్నదే అసలు ప్రశ్న.

మస్కట్, బస్రా రేవులు

మస్కట్ పాలకుడు సయ్యిద్ సయీద్‌తో అమెరికా 1833లో వాణిజ్య ఒడంబడిక చేసుకొంది. 1840లో ఆయన పంపిన ‘సుల్తానా’ నౌక న్యూయార్కు చేరింది; దాని సరుకులో కాఫీతోపాటు ఖర్జూరం కూడా ఉంది. 1869లో సూయజ్ కాలువ తెరుచుకోవడం, ఆవిరి ఓడలు రావడంతో ఈ వర్తకం ఎన్నో రెట్లు పెరిగింది. ఒమన్‌లో పండే ‘ఫర్ద్’ రకం గట్టిది. నెలల ప్రయాణానికి చెడదు. బస్రానుంచి హలావీ, ఖద్రావీ, సాయిర్ రకాలు చెక్క పెట్టెలలో బయలుదేరేవి. వేసవిలో కోసిన పంట నవంబరు నెలలోని కృతజ్ఞతా పండుగకు, క్రిస్మసుకు న్యూయార్కు అంగళ్లలో ఉండాలి. కనుక ముందుగా చేరడానికి ఓడల మధ్య ఏటేటా పోటీ నడిచేది. న్యూయార్కు హిల్స్ బ్రదర్స్ సంస్థ ‘డ్రామెడరీ’ పేరిట ఖర్జూరాన్ని పొట్లాలు కట్టి అమ్మింది. పొట్లం మీద ఒంటె బొమ్మ ఉండేది.

తోటలలో ఎవరు?

ఆ బొమ్మలో లేనిది మనిషి. ఖర్జూరపు చెట్టు దానంతటది కాయదు. వసంతంలో మగపూల పుప్పొడిని ప్రతి ఆడచెట్టుకు ఎక్కి అంటించాలి. ఒమన్ బాతినా తీరంలో ఎద్దులను ముందుకూ వెనక్కూ తోలుతూ మన మోట వంటి సాధనంతో బావినీరు తోడి తడి పెట్టాలి. మండు వేసవిలో మళ్లీ చెట్టెక్కి గెలలు దించాలి. 19వ శతాబ్ది చివర ఈ పనులలో ఎక్కువ భాగం తూర్పు ఆఫ్రికానుంచి తెచ్చిన బానిసల చేత చేయించారు. అమెరికాలో గిరాకీ పెరిగినకొద్దీ తోటలు విస్తరించాయి. తోటలు విస్తరించినకొద్దీ బానిసల అవసరం పెరిగింది. చరిత్రకారుడు మాథ్యూ హాపర్ 2015లో ప్రచురించిన తన గ్రంథంలో ఈ సంబంధాన్ని సవివరంగా నిరూపించాడు. 1865లో తన గడ్డపై బానిసత్వాన్ని రద్దు చేసుకున్న దేశం, పండుగపూట తినే తీపి కోసం మరొక గడ్డపై దానిని పోషించింది.

బ్రిటిష్ వారి నడవడి కూడా ఇట్లాంటిదే. 1873లో బార్టల్ ఫ్రెరే మస్కట్ సుల్తానుతో బానిసల దిగుమతిని నిషేధించే ఒడంబడిక చేయించాడు. యుద్ధనౌకలు బానిసల పడవలను వేటాడాయి. ఆ బానిసలు పండించిన ఖర్జూరాన్ని బ్రిటిష్ ఆవిరి ఓడలు మోసుకుపోతూనే ఉన్నాయి.

దోషాన్ని పాశ్చాత్యుల మీదికి నెట్టి ఊరుకొనడం చరిత్ర కాదు. తోటల యజమానులు ముస్లింలు. బస్రా పరిసరాల ఉప్పునేలలను బానిసలచేత గీయించిన కాలంలోనే జంజ్‌ల తిరుగుబాటు (869–883) చెలరేగిందనీ, 871లో బస్రా నగరం వారి చేతిలో కొల్లపోయిందనీ తబరీ రాసి పెట్టాడు. మద్రసాలో ‘హిదాయా’ చదివినవారందరికీ ‘కితాబుల్ ఇతాఖ్’ అనే విమోచన ప్రకరణం తెలుసు. జకాతు సొమ్ము వెచ్చించవలసిన ఎనిమిది పద్దులలో బానిస విముక్తి ఒకటని దివ్య ఖుర్‌ఆన్ పేర్కొంది. స్వతంత్రుడైన ముస్లింను బానిసగా చేయడం ఏ మజ్‌హబ్‌లోను సమ్మతం కాదు. అయినా 20వ శతాబ్దిలో బలూచిస్తాన్‌నుంచి ముస్లిం స్త్రీలను, పిల్లలను ఎత్తుకుపోయి గల్ఫు తీరంలో అమ్మారు. గ్రంథంలో ఉన్న ధర్మానికి, తోటలో జరిగిన వ్యవహారానికి ఉన్న ఈ దూరాన్ని కొలవడం మన విద్వాంసుల పని.

దీనికి ఆధారాలు లేకపోలేదు. మస్కట్, షార్జా, బుషెహర్, బహ్రెయిన్‌లలోని బ్రిటిష్ కార్యాలయాలకు పారిపోయి వచ్చిన బానిసల వాంగ్మూలాలు భద్రంగా ఉన్నాయి. గల్ఫు రెసిడెన్సీ అప్పుడు భారత ప్రభుత్వం కింద ఉండేది. అందుచేత అవి ఇండియా ఆఫీసు దస్తావేజులలో చేరాయి. ఒక్కొక్కటి కొద్ది పంక్తులే: ఎక్కడ పుట్టిందీ, ఏ వయసులో ఎత్తుకుపోయిందీ, ఎవరెవరి చేతులు మారిందీ, విమోచన పత్రం కావాలనీ. ఖర్జూరపు రొట్టె చరిత్రకు వంటల పుస్తకాలతో సమానమైన ఆధారాలు ఇవి.

ఈ వ్యవస్థను మొదట దెబ్బతీసింది అంగడే. అమెరికా వ్యవసాయ శాఖ అల్జీరియానుంచి, ఇరాక్‌నుంచి పిలకలు తెప్పించి కాలిఫోర్నియాలోని కోచెల్లా లోయలో నాటించింది. 1927లో వాల్టర్ స్వింగిల్ మొరాకోనుంచి తెచ్చిన 11 మజ్‌హూల్ పిలకలలో 9 బతికాయి. ఆ లోయలో ఒక ఊరికి మక్కా అని పేరు కూడా పెట్టుకున్నారు. స్వదేశీ పంట చేతికి రావడం, దానివెంట 1929 ఆర్థిక మాంద్యం ముంచుకురావడంతో ఒమన్ ఖర్జూరానికి గిరాకీ పడిపోయింది. తిండి పెట్టలేక కొందరు యజమానులు బానిసలను వదిలేశారు. ఒమన్‌లో బానిసత్వం చట్టరీత్యా రద్దయినది మాత్రం 1970లోనే.

అనువాదకుని బాధ్యత

గల్ఫు అరబ్బీలో బానిసను ‘ఖాదిమ్’ అనడం వాడుక. నిఘంటువు చూసి దానిని ‘సేవకుడు’ అని తెలుగు చేస్తే మాట తప్పు కాదు, కాని మనిషి మాయమవుతాడు. ‘అబ్ద్’, ‘గులామ్’ పదాలను కూడా సందర్భం చూడకుండా ‘నౌకరు’ అని మెత్తబరిచే అలవాటు ఉర్దూలోను తెలుగులోను ఉంది. పొట్లం మీది ఒంటె బొమ్మ చేసిన పనే ఈ మెత్తని మాటలు కూడా చేస్తాయి. సేవకుడికి జీతం ఉంటుంది, ఇష్టం లేకపోతే పని మానుకొనే హక్కు ఉంటుంది. ఆ రెండూ లేనివాణ్ణి బానిస అనే అనాలి.

వలీమాలోని హైస్‌ను, బగ్దాదీ కొలతలను మన వారసత్వంగా చెప్పుకోవడం న్యాయమే. వాటి పక్కనే బాతినా తోటల మోటలను, వాంగ్మూలాలలోని ఆ కొద్ది పంక్తులను కూడా అంతే నమ్మకంగా అనువదించి పెట్టుకోవాలి. మొదటివాటిని భద్రపరిచి రెండోవాటిని వదిలేస్తే మిగిలేది సగం చరిత్రే.