గిటార్ గైడ్లకు నాలుగు వందల ఏళ్ళు

గిటార్ కొన్న వారంలోనే ఒక పాట వాయించెయ్యాలన్న తొందర యూట్యూబుతో పుట్టిందని చాలామంది అనుకుంటారు. అచ్చులో దాని ఆనవాలు 1596 నాటిది. జువాన్ కార్లోస్ అమాత్ అనే కాటలాన్ వైద్యుడు ఆ ఏడు బార్సిలోనాలో ఒక చిన్న పుస్తకం వేయించాడు. అప్పటి గిటారుకి అయిదు జతల తీగలు, అన్నీ పేగుతో చేసినవి. అమాత్ సంగీత శాస్త్రం జోలికి పెద్దగా పోకుండా పన్నెండు మేజర్, పన్నెండు మైనర్ కార్డ్స్‌కి నంబర్లిచ్చి, ఒక్కోదానికి ఏ వేలు ఎక్కడ నొక్కాలో చెప్పి, వాటిని ఒక చక్రంలో అమర్చాడు. పాటకి నంబర్లు రాసుకుని తీగలన్నీ కలిపి మీటుకుంటూ పోవడమే. పద్దెనిమిదో శతాబ్దంలో కూడా ఆ పుస్తకం అచ్చవుతూనే ఉంది.

పండితులకి ఇది రుచించలేదు. 1611లో స్పానిష్ నిఘంటువు తెచ్చిన కొవరూబియాస్, విహువేలా లాంటి గొప్ప వాద్యం మరుగున పడుతోందని, గుర్రపుశాలలో పనిచేసే ప్రతివాడూ గిటారిస్టు అయిపోతున్నాడని ఆ నిఘంటువులోనే వాపోయాడు. ఆయన బాధ అర్థం చేసుకోదగిందే. కాకపోతే గుర్రపుశాల కుర్రాడి చేతికి అందింది కాబట్టే గిటార్ బతికింది. విహువేలాని చూడాలంటే ఇప్పుడు మ్యూజియంకి వెళ్ళాలి.

ఇటలీలో నంబర్ల బదులు అక్షరాలొచ్చాయి. 1606లో మాంతెసార్దో ఫ్లారెన్స్‌లో అచ్చేసిన పద్ధతిలో ‘ఎ’ అంటే జి మేజర్, ‘బి’ అంటే సి మేజర్. స్వరంతో సంబంధం లేని ఉత్త గుర్తులవి. అయినా ఇటలీ అంతా వాటితోనే వాయించింది. మన ఊళ్ళలో చర్చి క్వైర్ కుర్రాళ్ళు పాటల పుస్తకంలో తెలుగు చరణాల మీద పెన్సిలుతో జి, సి, డి అని వేసుకోవడం ఈ పద్ధతినే గుర్తుచేస్తుంది.

1800 ప్రాంతానికి జతలు పోయి ఆరు ఒంటి తీగలు స్థిరపడ్డాయి. వాటితోపాటు పండితుల వంతూ వచ్చింది. పారిస్‌లో కరూల్లి, సోర్, కర్కాస్సి ఒకరి తర్వాత ఒకరు స్టాఫ్ నొటేషన్‌తో పెద్ద పెద్ద పుస్తకాలు తెచ్చారు. సోర్ గోళ్ళు వాడొద్దంటాడు. ఆయన స్నేహితుడు అగ్వాదో గోళ్ళతోనే వాయిస్తాడు. కొత్తవాడు ఎవరి మాట వినాలి? వియన్నాలో జులియాని చేసిన పని నాకు వీటన్నిటికన్నా తెలివైనదనిపిస్తుంది. ఆయన ఇచ్చిన 120 కుడిచేతి అభ్యాసాల్లో ఎడమచేతికి ఉన్నవి రెండే కార్డ్స్: సి, జి సెవెన్. ఒక చెయ్యి నేర్చుకుంటున్నప్పుడు రెండో చేతిని ఇబ్బంది పెట్టకూడదని కనిపెట్టినవాడు నిజమైన మాస్టారు.

అట్లాంటిక్ అవతల కథ ఇంకోలా నడిచింది. సాక్సనీ నుంచి 1833లో అమెరికా చేరిన సి.ఎఫ్. మార్టిన్ మొదట పేగు తీగల గిటార్లే చేశాడు. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశకాల్లో స్టీలు తీగలు జోరందుకున్నాయి. మోత పెరిగింది, దాంతోపాటు తీగల బిగువూ పెరిగింది. అదే కాలంలో కేటలాగు చూసి పోస్టులో తెప్పించుకునే చవక గిటార్లు పల్లెలకి చేరాయి. అంటే గిటార్ చేతికందుతున్నకొద్దీ తీగ గట్టిపడింది. వేళ్ళు బొబ్బలెక్కి గిటారుని అటకెక్కించిన వాళ్ళ సంగతి ఏ గైడూ రాయలేదు. 1940ల్లో ఆల్బర్ట్ అగస్టీన్ నైలాన్ తీగలు తెచ్చాక క్లాసికల్ నేర్చుకునేవాళ్ళ పని తేలికైంది. సినిమా పాటలు, జానపదాలు వాయించాలనుకునే వాళ్ళు మాత్రం స్టీలుతోనే మిగిలారు.

1950ల బ్రిటన్‌లో లానీ డోనెగన్ స్కిఫిల్ పాటలు విని కుర్రకారంతా గిటార్లు పట్టింది. 1957లో బర్ట్ వీడన్ రాసిన ‘ప్లే ఇన్ ఎ డే’ అనే గైడు వచ్చింది. ఒక్క రోజులో ఎవరికీ రాదు, కానీ ఆ పేరు చూసి కొన్నవాళ్ళలో ఎరిక్ క్లాప్టన్ ఉన్నాడు. పుస్తకం దొరకనిచోట మనుషులే పుస్తకాలు. బి సెవెన్ కార్డ్ తెలిసినవాడున్నాడని విని లివర్‌పూల్‌లో బస్సెక్కి ఊరి అవతలికి వెళ్ళి నేర్చుకొచ్చామని పాల్ మెకార్ట్‌నీ చెప్పుకున్నాడు.

మన వైపు ఇంకో చిక్కుంది. సరళీ స్వరాలతో మొదలుపెట్టిన చెవికి శ్రుతి మీద ఒకే స్వరవరస నడుస్తుంది. మూడు స్వరాలు ఒకేసారి మోగడం కొత్త. మద్రాసులో ధన్‌రాజ్ మాస్టారి దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకున్న ఇళయరాజా క్లాసికల్ గిటార్‌లో ట్రినిటీ కాలేజీ బంగారు పతకం తెచ్చుకున్నారు. ఆయన పాటల్లోని గిటార్ ముక్కలు వినడం వల్లే ఎందరో తెలుగువాళ్ళ చెవికి కార్డ్స్ పరిచయమయ్యాయి.

తర్వాతది అందరికీ తెలిసిందే. ఏ తీగని ఎక్కడ నొక్కాలో చూపే పాటల ట్యాబ్‌లు పంచుకునే ఓల్గా అనే ఇంటర్నెట్ భాండారం 1992లో మొదలై, సంగీత ప్రచురణకర్తల నోటీసులతో 2006లో మూతపడింది. అప్పటికే యూట్యూబ్ వచ్చేసింది. తెర మీద కనిపించే కార్డ్ బొమ్మ చెప్పేది అమాత్ చెప్పినదే: ఫలానా వేలు, ఫలానా చోట.

ఇన్ని గైడ్లూ వేలి గురించే మాట్లాడాయి, వాద్యం గురించి తక్కువ. అందుకే కొత్తగా స్టీలు తీగల గిటార్ కొనేవాళ్ళకి ఒక్కమాట: పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య ఎడం మూడు మిల్లీమీటర్లు దాటితే ముందు షాపులో దాన్ని తగ్గించమని అడగండి. ఏ యాప్ వేసుకోవాలో ఆ తర్వాత చూసుకోవచ్చు.