అభిమన్యుడూ బయటపడే వ్యూహం

పద్మవ్యూహం అనగానే మనకు గుర్తొచ్చేవాడు అభిమన్యుడు. లోపలికి వెళ్లడం తెలుసు, బయటపడడం తెలియదు. కర్ణాటకలోని హళేబీడు హొయసలేశ్వరాలయం గోడమీద 12వ శతాబ్దపు శిల్పులు ఆ వ్యూహాన్ని మెలికలు తిరిగే దారిగా చెక్కారు. 13వ శతాబ్దం తొలినాళ్లలో ఫ్రాన్సులోని షార్త్ర్ కెథడ్రల్ నేలమీద కూడా మెలికల దారి ఒకటి రాళ్లతో పరిచారు. అడ్డంగా కొలిస్తే దాదాపు 13 మీటర్లు, దారి పొడవు మాత్రం 260 మీటర్ల పైమాటే. దీన్ని లాబిరింత్ అంటారు. ఇందులో తప్పిపోవడానికి వీల్లేదు. చీలికలుండవు, మూసుకుపోయిన సందులుండవు. నడుస్తూ పోతే నడిమధ్యకు చేరతాం, వచ్చిన దారినే బయటికొస్తాం.

ఈస్టరుకు ముందు నలభై రోజుల ఉపవాసకాలంలో (తపస్సుకాలం, లెంటు అనేదీ ఇదే) ఇలాంటి దారుల్లో నడుస్తూ ప్రార్థించడం ఇప్పుడు పాశ్చాత్య దేశాల చర్చిల్లో కనిపిస్తుంది. జెరూసలేం వెళ్లలేనివాళ్లు పూర్వం మోకాళ్లమీద దీన్నే చుట్టి యాత్రాఫలం పొందేవారని చెబుతుంటారు. అందమైన కథే గాని, మధ్యయుగపు రాతల్లో ఆధారం దొరకదు. దొరికేది ఇంకో సంగతి. ఫ్రాన్సులోనే ఓసెర్ కెథడ్రల్‌లో ఈస్టరు రోజున మతాచార్యులు లాబిరింత్ చుట్టూ చేతులు పట్టుకుని పాడుతూ, చిందులేస్తూ బంతి విసురుకునేవారట! 1538లో ఆ ఆట మాన్పించారు. నేటి ప్రార్థన నడకకు ఊపొచ్చింది 1991లో, శాన్‌ఫ్రాన్సిస్కోలోని గ్రేస్ కెథడ్రల్‌లో మతాచార్యురాలు లారెన్ ఆర్ట్రెస్ షార్త్ర్ నమూనాను కాన్వాసు గుడ్డమీద వేయించి పరిచాక.

జెరూసలేంను ఊళ్లోకి తెచ్చుకోవాలన్న ముచ్చట నిజంగా తీర్చింది సిలువ మార్గం. క్రీస్తు శ్రమలను తలుచుకుంటూ ఆగి ఆగి నడిచే ఈ ప్రార్థనకు 14 స్థలాలని 1731లో పోప్ 12వ క్లెమెంట్ ఖాయం చేశాడు. తపస్సుకాలపు శుక్రవారాల్లో గోదావరి జిల్లాల కథోలికులు చేసేది ఇదే. గుడి గోడలకు వరసగా పటాలు, ఒక్కోదాని ముందు మోకరించి, లేచి, పక్కదానికి కదలడం. 3, 7, 9 స్థలాల్లో క్రీస్తు సిలువ బరువుకు కిందపడతాడు. సువార్తల్లో ఈ పడిపోవడాల ఊసే లేదు. అయినా ఎండలో కొండెక్కేవాళ్లకు బాగా దగ్గరయ్యేవి ఆ మూడే అనిపిస్తుంది.

కొండంటే గౌరీపట్నం నిర్మలగిరి. దేవరపల్లి మండలంలో, జాతీయ రహదారి దాపున ఉంది. మొన్నటిదాకా పశ్చిమ గోదావరి, 2022 నుంచి తూర్పు గోదావరి. ఏలూరు మేత్రాసనానికి చెందిన మరియమాత క్షేత్రమిది. మార్చి 25 నాటి మాత పండుగ చాలా ఏళ్లు తపస్సుకాలంలోనే పడుతుంది.

గోదావరి డెల్టా క్రైస్తవులందరి పద్ధతీ ఒకటి కాదు. 1845లో జర్మన్ మిషనరీలు అడుగుపెట్టిన రాజమండ్రిలో లూథరన్లు లెంటు పాటిస్తారు. 1836లో ఇండియాకొచ్చిన మిషనరీలు బౌడెన్, బీర్ నర్సాపురంలో నాటిన బ్రదరెన్ సంప్రదాయానికి ఈ పర్వకాలాల పట్టింపే లేదు.

మళ్లీ లాబిరింత్ దగ్గరికొద్దాం. షార్త్ర్‌కన్నా ఎంతో పాతది, ఏడు చుట్ల లాబిరింత్ ఒకటుంది. ముగ్గు వచ్చిన చేతికి దాన్ని ఎవరూ నేర్పక్కర్లేదు. ముందు ఒక సిలువ గీత. దాని నాలుగు గదుల్లో నాలుగు మూలమట్టాలు, వాటి అవతల నాలుగు చుక్కలు. సిలువ పై కొననుంచి పక్కనున్న మూలమట్టం పై కొనకు ఒక కమాను. దానిమీదుగా, అటు తర్వాతి కొననుంచి ఇటు తర్వాతి చుక్కకు ఇంకోటి. అలా ఏ కొననూ చుక్కనూ వదలకుండా వరసగా ఎనిమిది కమానులు కలిపితే దారి తయారు, అచ్చం చుక్కల ముగ్గే. ఆ సిలువ గీతకు క్రైస్తవంతో సంబంధం లేదు లెండి. క్రీస్తుకు పూర్వపు క్రీటు నాణేలమీదా ఈ బొమ్మే ఉంది.

రెండడుగుల వెడల్పు దారికి 32 అడుగుల జాగా చాలు. చర్చి ఆవరణలో సున్నంతో వేసి, శుక్రవారం ఎండ చల్లబడ్డాక చెప్పులు విడిచి ఒకసారి నడిచి చూడండి.