పిల్ల బండి వెళ్ళగలిగే ఊరు

మా అమ్మాయి కాన్పుకని వియన్నా వెళ్ళి మూడు నెలలు ఉన్నాను. పురుడు పోయడానికి వెళ్ళిన తల్లులకి విదేశమంటే ఏముంటుంది? వంటిల్లు, ఉయ్యాల, బట్టలుతికే మిషను. రాజభవనాలూ సంగీత సభలూ ఎప్పుడో ఒక ఆదివారం పూట. మిగతా రోజుల్లో నాకు దొరికిన ఊరల్లా పిల్లని బండిలో పడుకోబెట్టి తోసుకుంటూ తిరగగలిగినంత మేరే. డాన్యూబ్ నదికి అవతల, 22వ జిల్లాలో కొత్తగా కట్టిన ఆ పేట పేరు జేష్టాట్. సరస్సు పట్నం అని అర్థమట. మొదటిసారి విన్నప్పుడు నాకు మన జ్యేష్ఠాదేవి గుర్తొచ్చి నవ్వొచ్చింది.

నేను బెజవాడలో పుట్టి పెరిగినదాన్ని. బీసెంట్ రోడ్డులో అమ్మ కొంగు పట్టుకుని నడిచినదాన్ని. అనీబిసెంటు పేరు మీద ఉన్న ఆ రోడ్డులో ఇన్నేళ్ళలో ఏ ఆడమనిషీ ఒక నిమిషం కూర్చోవడానికి అరుగు దొరికినట్టు నాకు గుర్తులేదు. అందుకని ఇక్కడ, ఇంటి గుమ్మం నుంచి మందుల షాపు దాకా ఒక్కచోట కూడా బండి ఎత్తి దించకుండా వెళ్ళగలగడం మొదటి వారమంతా వింతగా అనిపించింది. రెండో వారం వీధుల పేర్లు చదవడం మొదలుపెట్టాను. మరియా టుష్ వీధి, హన్నా ఆరెంట్ పార్కు, అడా లవ్‌లేస్ వీధి, వంగారి మాతాయి చౌకు, సరస్సు ఒడ్డున జానిస్ జాప్లిన్ బాట. చాలావరకు అన్నీ ఆడవాళ్ళ పేర్లే. మరియా టుష్ పొగాకు ఫ్యాక్టరీ కార్మికురాలు. 1919లో ఆస్ట్రియా పార్లమెంటులో అడుగుపెట్టిన మొదటి ఎనిమిది మంది స్త్రీలలో ఒకరు. ఊరి ప్రధానమైన బజారు వీధికి రాణి పేరు కాకుండా ఆవిడ పేరు పెట్టారు.

పేర్లు పెట్టడం తేలిక. కానీ దీని వెనక పాతికేళ్ళ పని ఉంది. మనం తెలుసుకోవలసింది ఆ పని గురించే.

1991లో ఎవా కైల్, యుట్టా క్లేడోర్ఫర్ అనే ఇద్దరు ప్లానర్లు వియన్నాలో ఒక ఫోటో ప్రదర్శన పెట్టారు. బహిరంగ స్థలం ఎవరిది అన్నది దాని ప్రశ్న. ఎనిమిది మంది స్త్రీలూ బాలికలూ రోజంతా ఊళ్ళో ఎలా తిరుగుతారో ఫోటోలు తీసి గోడకి పెట్టారు. అంతే. అందులో సిద్ధాంతమేమీ లేదు. చక్రాల కుర్చీలో ఉన్న ఒకామె, చిన్నపిల్లలున్న ఒక తల్లి, ఇలాంటివాళ్ళ మామూలు రోజులు. అప్పటి లెక్కల ప్రకారం ఆ ఊళ్ళో కారు ప్రయాణాల్లో మూడింట రెండొంతులు మగవాళ్ళవి, కాలినడకన జరిగే ప్రయాణాల్లో మూడింట రెండొంతులు ఆడవాళ్ళవి. రోడ్ల ప్లాను మాత్రం పొద్దున ఆఫీసుకి వెళ్ళి సాయంత్రం ఇంటికొచ్చే మనిషిని చూసి గీసింది. బడి, కూరల కొట్టు, డాక్టరు, ముసలి తల్లి ఇల్లు, మళ్ళీ బడి - ఇన్ని మలుపులు తిరిగే మనిషి ఆ కాగితం మీద ఎక్కడా లేదు. మరుసటి ఏడాది, 1992లో, నగరపాలక సంస్థ స్త్రీల కార్యాలయం ఒకటి తెరిచి ఎవా కైల్‌ని దానికి అధిపతిని చేసింది.

ఆ కార్యాలయం చేసిన పనుల్లో పేరున్నది ఫ్లోరిడ్స్‌డోర్ఫ్‌లో కట్టించిన ఫ్రావెన్ వెర్క్ స్టాట్. జర్మన్‌లో వర్క్‌షాపు అనే మాటని విరిచి 'స్త్రీలు చేసిన పట్నం' అనే అర్థం తెచ్చారు. 1993లో ఆర్కిటెక్టు స్త్రీలకు మాత్రమే పోటీ పెట్టారు. మొత్తం ప్రాంగణం ప్లాను ఫ్రాంజిస్కా ఉల్‌మన్‌ది. ఆమెతో పాటు గిజెలా పొద్రెకా, ఎల్జా ప్రొహాస్కా, లీజెలొట్టె పెరెట్టి ఇళ్ళు గీశారు. 1997కల్లా 357 ఫ్లాట్లు పూర్తయ్యాయి. ప్రతి అంతస్తులో పిల్లల బండ్లు పెట్టుకునే చోటు, పగటి వెలుతురు పడే వెడల్పాటి మెట్లు, ఆవరణలోనే పిల్లల బడి, కిందికి చూస్తే ఆడుకునే పిల్లలు కనిపించే వంటింటి కిటికీ.

ఆ కిటికీ దగ్గర నేను ఆగిపోయాను. పిల్లలు కనిపిస్తే తల్లికి ఊరటే, ఒప్పుకుంటాను. కానీ కిటికీలోంచి చూస్తున్నది తల్లే అని ముందే అనుకుని కట్టిన ఇల్లు కదా అది! చాకిరి తేలిక చేయడం వేరు, ఆ చాకిరి ఎవరిది అని అడగడం వేరు. ఈ సందిగ్ధం వియన్నా వాళ్ళకి కొత్త కాదు. ఆ భవనానికి పెట్టిన పేరే చూడండి, మార్గరెటె ష్యూటె లిహొట్స్కీ. 1926లో ఫ్రాంక్‌ఫర్ట్ వంటిల్లు గీసిన ఆర్కిటెక్టు. ఒక ఇరుకు గదిలో ప్రతి అడుగూ లెక్కగట్టి, ఆడవాళ్ళకి కాస్త తీరిక మిగలాలని కట్టిన వంటిల్లది. తర్వాతి తరం స్త్రీవాదులు దాన్నే, ఆడదాన్ని ఒంటరిగా ఒక పెట్టెలో పెట్టి తలుపేశారని విమర్శించారు. ఆ విమర్శలో నిజముంది. ఆవిడ జీవితం చూస్తే మాత్రం తొందరపడి తీర్పు చెప్పలేం. నాజీలను ఎదిరించే పనిలో ఉండగా 1941లో గెస్టపో పట్టుకుంది. 15 ఏళ్ళ శిక్ష వేశారు. 1945లో విడుదలై వియన్నా తిరిగొస్తే, కమ్యూనిస్టని సొంత ఊరే పెద్ద పనులేవీ అప్పజెప్పలేదు. 103 నిండడానికి కొద్ది రోజుల ముందు, 2000 జనవరిలో చనిపోయారు. గౌరవాలన్నీ ముసలితనంలోనే వచ్చాయి. మనవాళ్ళ సంగతీ అంతేగా.

తర్వాతి అడుగులు గబగబా చెబుతాను. పార్కుల్లో తొమ్మిదేళ్ళు దాటగానే మగపిల్లలు ఉంటారు, ఆడపిల్లలు మాయమవుతారు అని 90ల చివర్లో ఒక అధ్యయనంలో తేలింది. 1999లో రెండు పార్కులు మార్చి కట్టారు, ఆడపిల్లలు మళ్ళీ వచ్చారు. 2002లో మరియాహిల్ఫ్ జిల్లాని జెండర్ దృష్టితో చేసే ప్లానింగుకి నమూనాగా తీసుకుని కాలిబాటలు వెడల్పు చేశారు, చీకటి మూలల్లో దీపాలు పెట్టారు. అదే జిల్లా అంచున ఉన్న పెద్ద బజారు వీధిని నడిచేవాళ్ళకి ఇవ్వాలని ఉపమేయర్ మరియా వసిలాకూ పూనుకున్నప్పుడు ఊరంతా రెండుగా చీలిపోయింది. వ్యాపారాలు మునిగిపోతాయన్నారు. 2014లో అక్కడివాళ్ళని ఓటు అడిగితే 53 శాతం సరేనన్నారు. 2015లో వీధి తెరిచారు. వందలో 53! గెలుపంటే అంత సన్నటి గీత మీద నడవడమే.

ఇక జేష్టాట్ నేల. అది 1809లో నెపోలియన్ ఓడిన ఆస్పెర్న్ యుద్ధభూమి ప్రాంతం. తర్వాత 1912 నుంచి 1977 దాకా విమానాశ్రయం. అంటే 240 హెక్టార్లలో కొత్త ఊరు కడుతున్నా రైతుని లేపనక్కర్లేదు, చెరువు పూడ్చనక్కర్లేదు. పైగా చెరువు తవ్వారు. స్వీడన్‌లో పనిచేసే యోహానెస్ తొవాట్ బృందం ప్లాను 2007లో ఖరారైంది. నడిమధ్య సుమారు 5 హెక్టార్ల సరస్సు, చుట్టూ ఊరు. సరస్సు తవ్వగా వచ్చిన కంకరని బయటికి లారీల్లో తోలకుండా అక్కడే కట్టడాలకి వాడుకున్నారు. 2013 అక్టోబరులో మెట్రో వచ్చింది. మొదటి కుటుంబాలు దిగింది 2014లో. ఈ వరస నాకు నచ్చింది. మనకి ముందు అపార్టుమెంట్లు వస్తాయి, ఇరవయ్యేళ్ళకి బస్సు వస్తుంది. బహిరంగ స్థలాల రూపకల్పన కోపెన్‌హాగెన్ నుంచి యాన్ గేల్ సంస్థ చేసింది. భవనాల నుంచి మనుషుల వైపు ఆయన చూపు తిప్పింది సైకాలజిస్టు అయిన భార్య ఇంగ్రిడ్ అని ఆయనే చెబుతుంటాడు. ఆ సంస్థ పేరులో మాత్రం ఆయన ఇంటిపేరే ఉంది, సరే, అది ఆవిడ ఇంటిపేరు కూడా అనుకోవాలి కాబోలు.

బజారు వీధిలో కింది అంతస్తులు అద్దెకిచ్చేటప్పుడు ఎవరొస్తే వాళ్ళకి ఇవ్వకుండా, ఊరికి ఏ కొట్లు కావాలో చూసి ఇచ్చారు. కిరాణా, రొట్టెలు, మందులు. తొలినాళ్ళలోనే పుస్తకాల షాపు కూడా. కార్లు ఇంటి ముందు కాకుండా ఉమ్మడి గ్యారేజీల్లో ఉంటాయి.

ఇదంతా విని స్వర్గమనుకోకండి. జూలైలో మధ్యాహ్నం చౌకుల్లో అడుగు పెట్టలేకపోయాను. సిమెంటు ఎక్కువ, చెట్లు ఇంకా పిల్లచెట్లు. కెన్యాలో చెట్లు నాటించిన వంగారి మాతాయి పేరు ఉన్నంత మాత్రాన నీడ రాదు కదా. అంతకన్నా పెద్ద చిక్కు మరొకటి. జేష్టాట్ ఉత్తర భాగం కట్టడానికి పర్యావరణ అనుమతిని ఒక నాలుగు వరసల రోడ్డుతో ముడిపెట్టారు. నడిచే ఊరు కట్టాలంటే ముందు కార్ల దారి వెయ్యాలట! 2021లో కుర్రకారు ఆ రోడ్డు పనులు జరిగే చోట గుడారాలు వేసుకుని కూర్చున్నారు. చలికాలమంతా ఉన్నారు. 2022 ఫిబ్రవరిలో పోలీసులు ఖాళీ చేయించారు. ఇళ్ళు కావాలంటే రోడ్డు తప్పదని నగరం వాదించింది. ఇళ్ళు కావలసినవాళ్ళూ రోడ్డు వద్దన్నవాళ్ళూ ఒకరినొకరు శత్రువులుగా చూసుకునే పరిస్థితి తెచ్చింది ఎవరన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది.

నేను చూసిన ఇంకో సంగతి. పొద్దున పదింటికి సరస్సు ఒడ్డున బండ్లు తోసేవాళ్ళలో తల్లులు, నాలాంటి అమ్మమ్మలే ఎక్కువ. టర్కీ అమ్మమ్మ, సెర్బియా అమ్మమ్మ, బెజవాడ అమ్మమ్మ. ఒకరి భాష ఒకరికి రాదు. బెంచీ మీద జరిగి చోటిస్తాం. మా ముగ్గురికీ జీతం లేదు, ఏ దేశపు లెక్కల్లోనూ మేం లేం. ఊరు మా పని తేలిక చేసింది, అందుకు సంతోషమే. ఆ పనిని మా చేతుల్లోంచి తీసి పంచిందా అంటే, కొద్దిగా. 2019 నుంచి అక్కడ తండ్రికి బిడ్డ పుట్టాక నెల సెలవు హక్కుగా ఉంది. మా అల్లుడు జూలైలో తీసుకున్నాడు.

మొదటిరోజు బండి తోసుకుంటూ బయల్దేరినవాడు అరగంటలో చెమటలు కక్కుతూ ఫోను చేశాడు. పాప ఏడుస్తోందట.

"అత్తయ్యగారూ, ఈ టైములో నీడ ఎటుపక్క ఉంటుంది?"

పదకొండు దాకా హన్నా ఆరెంట్ పార్కు గోడ పక్కన, నాలుగు దాటాక సరస్సుకి పడమటి ఒడ్డున అని చెప్పాను.