వేట నియమాలు: కిందముడి శాపం నుంచి వన్యప్రాణి చట్టం దాకా

ఆదిపర్వంలోని పాండురాజు కథ మీకు తెలిసే ఉంటుంది. అడవిలో జతకూడి ఉన్న జింకల జంటను ఆయన బాణంతో కొట్టాడు. మగజింక రూపంలో ఉన్నది కిందముడు అనే ముని. ప్రాణం పోయే ముందు ఆయన రాజును నిలదీశాడు. మృగాలను వేటాడటం రాజులకు తగిన పనేనని పాండురాజు వాదించాడు. దానికి ముని చెప్పిన జవాబును కాస్త జాగ్రత్తగా గమనించండి. మృగాన్ని చంపినందుకు ఆయన రాజును తప్పుపట్టలేదు. జత విడిపోయేదాకా ఆగనందుకు తప్పుపట్టాడు, శపించాడు.

వేట ఒకటి, వేటలో హద్దు దాటడం మరొకటి. మన దేశంలో వేట గురించి వచ్చిన నియమాలను చదివేటప్పుడు ఈ తేడా మీకు అక్కరకు వస్తుంది. చరిత్ర విద్యార్థిగా మీరు ఇంకొక ప్రశ్నను కూడా వెంట ఉంచుకోవాలి. ఆ హద్దును గీసింది ఎవరు? గీసిన తరువాత అడవిలో దోషిగా నిలబడింది ఎవరు?

కౌటిల్యుడు, అశోకుడు

కామం వల్ల పుట్టే నాలుగు వ్యసనాలలో అర్థశాస్త్రం వేటనూ చేర్చింది. జూదం, మద్యం, స్త్రీలోలత్వం తక్కినవి. అయినా కౌటిల్యుడు వేట విషయంలో కొంత మెత్తగానే ఉన్నాడు. దానివల్ల వ్యాయామం కలుగుతుందని, కొవ్వు కరుగుతుందని, కదిలే గురిని కొట్టడం, మృగాల స్వభావం కనిపెట్టడం అలవడతాయని చెప్పి, వేటకన్నా జూదమే చెడ్డదని తేల్చాడు. అదే గ్రంథంలో సూనాధ్యక్షుడు అనే అధికారి కూడా ఉన్నాడు. రాజ్యం అభయమిచ్చిన మృగాలను, పక్షులను, చేపలను పట్టినవారికీ చంపినవారికీ జరిమానా వేయడం ఆయన పనులలో ఒకటి. రాజు వేటాడితే అది వ్యసనమా, వ్యాయామమా అన్న చర్చ జరుగుతుంది. సామాన్యుడు వేటాడితే జరిమానా లెక్క మొదలవుతుంది.

కర్నూలు జిల్లా ఎర్రగుడి దగ్గర గుట్ట మీది బండలపై అశోకుడి పద్నాలుగు ప్రధాన శిలాశాసనాలు ఉన్నాయి. గుత్తి వైపు వెళ్లే పని పడితే తప్పక చూసి రండి. పుస్తకంలో చదవడం వేరు, ఎండలో ఆ బండల ముందు నిలబడటం వేరు. వీటిలో ఎనిమిదో శాసనం, పూర్వపు రాజులు వేటతో కూడిన విహారయాత్రలు చేసేవారని, తాను పట్టాభిషేకమైన పదేళ్లకు బోధివృక్షాన్ని దర్శించి ధర్మయాత్రలు మొదలుపెట్టానని చెబుతుంది. మొదటి శాసనం మరింత ఆసక్తికరమైనది. రాజుగారి వంటశాలలో ఒకప్పుడు లెక్కలేనన్ని జీవాలను చంపేవారట. శాసనం రాయించేనాటికి అవి మూడుకు తగ్గాయి: రెండు నెమళ్లు, ఒక జింక. ఆ జింక కూడా రోజూ కాదు. ముందుముందు ఈ మూడింటినీ చంపరని శాసనం ముగుస్తుంది. తన వంటింటి లెక్కను బండ మీద చెక్కించిన రాజులు మనకు అరుదు.

పట్టాభిషేకమైన 26 ఏళ్లకు వేయించిన ఐదో స్తంభశాసనం ఎర్రగుడిలో లేదు, ఉత్తరాది స్తంభాల మీద ఉంది. అందులో చిలుకలు, గోరువంకలు, గబ్బిలాలు, తాబేళ్లు, ముళ్లపందులు వంటి చంపరాని జీవుల పట్టిక ఉంది. చూలుతో ఉన్నవీ పాలిచ్చేవీ అయిన మేకలను, గొర్రెలను, పందులను, ఆరు నెలలు నిండని వాటి పిల్లలను చంపరాదు. కొన్ని తిథులలో చేపలు పట్టరాదు. కారణం లేకుండా అడవికి నిప్పు పెట్టరాదు. పునరుత్పత్తి కాలాన్ని కాపాడటం అనే ఆలోచన ఇక్కడ స్పష్టంగా ఉంది.

ఇదే అశోకుడు పదమూడో శాసనంలో ఆటవికులతో మాట్లాడిన తీరు వేరు. కళింగ యుద్ధానికి పశ్చాత్తాపపడిన ఆ శాసనంలోనే, తనకు దండించే శక్తి ఉన్నదని అడవి జనానికి గుర్తు చేశాడు. దయ, హెచ్చరిక ఒకే బండ మీద ఉన్నాయి. ఈ జంటను మనం మళ్లీ చూస్తాం.

నీలగిరి షికారీలు

పందొమ్మిదో శతాబ్దంలో తూటా తుపాకులతో వచ్చిన ఆంగ్ల అధికారులు, తోటల యజమానులు తమ వెంట ఒక వేట మర్యాదను కూడా తెచ్చుకున్నారు. నేల మీద కూర్చున్న పక్షిని కాల్చకూడదు, ఎగిరాకే కాల్చాలి. ఆడజంతువును, పిల్లను వదిలిపెట్టాలి. నీళ్ల గుంట దగ్గర మాటువేసి కొట్టడం వీరత్వం కాదు. గాయపడిన జంతువును అడవిలో వదిలి రాకూడదు, ఎంత ప్రమాదమైనా వెతికి దాని బాధ ముగించాలి.

ఈ మర్యాద చట్టంగా మారిన తొలి చోట్లలో నీలగిరి ఒకటి. కొండల మీద వేట జంతువులు తరిగిపోతున్నాయని షికారీలే గుర్తించి 1877లో ఒక సంఘం పెట్టుకున్నారు. 1879లో మద్రాసు ప్రభుత్వం నీలగిరి వేట జంతువుల, చేపల సంరక్షణ చట్టం చేసింది. ఏడాదిలో కొన్ని నెలలు వేట మూసివేయడానికి దీనితో వీలు కలిగింది. అడవిదున్న, కణితి, నీలగిరి తార్ అనే కొండమేక, కొండగొర్రె, జింకలు, కుందేలు, అడవికోడి, నెమలి, కౌజు ఈ చట్టం రక్షణలోకి వచ్చాయి. తార్‌ను ఆ కొండల నుంచి పూర్తిగా తుడిచిపెట్టకుండా ఆపిన కారణాలలో ఆ సంఘం పట్టుదల ఒకటి. ఆ మేరకు షికారీల మర్యాదను కేవలం వేషమని కొట్టిపారేయలేం.

ఇప్పుడు ఆ పట్టికను ఇంకోసారి చదవండి. పులి లేదు. చిరుతపులి లేదు. రేసుకుక్క లేదు. షికారీ కోరుకునే జింకను తినే జంతువులు ఇవి, కాబట్టి హానికర మృగాలు. వాటిని చంపితే ప్రభుత్వమే బహుమతి ఇచ్చేది. 1875 నుంచి 1925 వరకు బహుమతుల కోసం చంపిన పులులు 80,000కు పైగా ఉంటాయని చరిత్రకారుడు మహేశ్ రంగరాజన్ లెక్కగట్టారు. మర్యాద అంతా కొమ్ములున్న మృగాలకే దక్కింది.

చట్టం దృష్టిలో తప్పుచేసినవారు కూడా మారిపోయారు. లైసెన్సు, తుపాకి ఉన్నవాడు క్రీడాకారుడు. వల, ఉచ్చు, విల్లు పట్టినవాడు దొంగవేటగాడు. 1882 మద్రాసు అటవీ చట్టం రిజర్వు అడవుల్లో నియమాలకు విరుద్ధంగా వేటాడటాన్ని, ఉచ్చులు పెట్టడాన్ని నేరం చేసింది. కూర కోసం కుందేలును పట్టినవాడు కోర్టుకెక్కాడు, గోడకు తల తగిలించుకోవడానికి కణితిని కొట్టినవాడు పుస్తకం రాసుకున్నాడు. నా మాట కటువుగా ఉందనిపిస్తే, ఆనాటి షికారు జ్ఞాపకాలలో ఏ పుస్తకాన్నయినా తెరిచి చూడండి.

వదిలేసిన గాయం

గాయపడిన జంతువును వదలకూడదన్న నియమం ఎందుకంత ముఖ్యమో చంపావత్ పులి చరిత్ర చెబుతుంది. 1907లో కుమావూ కొండల్లో జిమ్ కార్బెట్ ఈ ఆడపులిని చంపాడు. అది 436 మందిని పొట్టన పెట్టుకుందని ఆయన రాశాడు. చచ్చిన పులి నోరు చూస్తే కుడివైపు కోరపళ్లు విరిగి ఉన్నాయి. పాత తుపాకి దెబ్బ అది. మామూలు వేట జంతువును పట్టి చంపే శక్తి పోవడం వల్లనే అది మనుషుల మీద పడిందని కార్బెట్ నిర్ధారణ. ఎవరో ఒకరు కాల్చారు, గురి తప్పింది, వెతకకుండా ఇంటికి వెళ్లారు. ఆ మూల్యం చెల్లించినవారిలో ఎక్కువమంది గడ్డికీ కట్టెలకూ అడవికి వెళ్లిన పల్లె జనం.

మృగాన్ని తుపాకి ముందుకు తోలే పని కూడా పల్లెవాళ్లదే. డప్పులు కొడుతూ, కేకలు వేస్తూ అడవిని తోలే ఆ మనుషులకు కొన్నిచోట్ల కూలి దక్కేది, కొన్నిచోట్ల అది వెట్టి. మంచె మీద ఉన్నవాడి నిబ్బరం గురించి ఎన్నో పేజీలు దొరుకుతాయి. కింద పొదల్లో నడిచినవాడి పేరు కూడా దొరకదు.

అడవిలోనివారి వేట

నల్లమల చెంచులతో 1940లో గడిపిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, 1943లో వారి గురించి పుస్తకం ప్రచురించాడు. అందులోని చెంచుల చేతిలో విల్లంబులున్నా, వారి కడుపు నింపేవి ప్రధానంగా గడ్డపారతో తవ్వుకునే దుంపలు, ఏరుకునే పండ్లు, తేనె. చెంచును వేటగాడిగా మాత్రమే చూపే సినిమా బొమ్మకు ఇది భిన్నమైన చిత్రం.

విశాఖ మన్యంలో చైత్రమాసంలో జరిగే ఇటుకల పండుగ మరో ఉదాహరణ. మగవాళ్లంతా గుంపుగా వేటకు వెళతారు. ఏమీ దొరకక వట్టి చేతులతో వస్తే ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి ఎగతాళి చేస్తారు. ఇక్కడ వేట ఊరందరి పని, దాని గెలుపోటములు ఊరందరివి. దీనిని ఆదర్శంగా చూపడం నా ఉద్దేశం కాదు. అడవి చిక్కిపోయినప్పుడు పండుగ వేట కూడా మృగాలకు బరువే. కానీ ఈ వేటకు నియమాలు లేవని అనడం పొరపాటు. అవి గెజెట్‌లో లేవు, అంతే.

స్వాతంత్ర్యం తరువాత

1947లో నేటి ఛత్తీస్‌గఢ్‌లోని కొరియా సంస్థానాధీశుడు ఒక రాత్రి మూడు చీటాలను కాల్చాడు. ఆ వార్తను ప్రచురించిన బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం పత్రిక సంపాదకులే దానిని గట్టిగా ఖండించారు. దేశంలో చీటా అంతరించిందని 1952లో ప్రకటించారు. మోటారు బండి, టార్చిలైటు వచ్చాక షికారీ మర్యాద ఎంత పలుచనైపోయిందో ఈ ఒక్క రాత్రి చాలు చెప్పడానికి. మనస్సాక్షికి వదిలేసిన నియమం చీకట్లో నిలవలేదు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా మొదట్లో వేటను పూర్తిగా ఆపలేదు. పెద్ద మృగాలకు, చిన్న మృగాలకు వేర్వేరు లైసెన్సులుండేవి. 1991 సవరణతో అవి పోయాయి. ఆత్మరక్షణ కోసం సద్బుద్ధితో మృగాన్ని చంపితే నేరం కాదన్న మినహాయింపు మిగిలింది. నికోబార్ దీవుల గిరిజనుల వేట హక్కులకు ఈ చట్టం అడ్డురాదని 65వ సెక్షన్ చెబుతుంది. ప్రధాన భూభాగంలోని గిరిజనులకు అలాంటి సెక్షన్ లేదు.

2006 అటవీ హక్కుల చట్టం గిరిజనుల సంప్రదాయ హక్కులను గుర్తించింది. తేనె, దుంపలు, చేపలు, మేత వంటివి అందులోకి వచ్చాయి. వేటాడటం, ఉచ్చుపెట్టడం మాత్రం అదే వాక్యంలో మినహాయించబడ్డాయి. నల్లమలలోని పులుల అభయారణ్యంలో నేడు ఎందరో చెంచులు అటవీశాఖ కాపలాదారులుగా పనిచేస్తున్నారు. తాతలు జింక కోసం చదివిన అడుగుజాడలను వారు ఇప్పుడు పులి లెక్క కోసం, ఉచ్చులు పెట్టేవాళ్లను పట్టుకోవడం కోసం చదువుతున్నారు.