కట్ట ఎత్తు పెంచినంత సులువు కాదు

నిజాంసాగర్ కాల్వ ఇందల్వాయి దాకా రాదు. ఘాటు అంచున ఉన్న మనకు సిర్నాపల్లి సంస్థానం నాటి నుంచీ చెరువులు, బావులే దిక్కు. ఆ తర్వాత బోర్లు. కాబట్టి నీటిపారుదల శాఖ చరిత్రను కాస్త ఎడంగా నిలబడి చూసే వీలు నాకుంది.

1923లో మొదలుపెట్టి 1931 నాటికి మంజీరపై నిజాంసాగర్ కట్టారు. ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆ నీళ్ల ధీమాతోనే 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ లేచింది. చెరకంటే ఏడాదంతా తడి అడిగే పంట మరి.

ఆ ధీమాకు మొదటి గండి పూడిక. 1970ల నాటికి నిల్వ సగానికి పైగా తగ్గిపోయింది. శాఖ పూర్తి నీటిమట్టాన్ని 1,405 అడుగులకు పెంచి నిల్వను 17.8 టీఎంసీలకు తెచ్చుకుంది. పైన సింగూరు జలాశయం వచ్చి మంజీర నీళ్లు హైదరాబాద్ దారి పట్టాక, చివరి ఆయకట్టుకు అలీసాగర్, గుత్ప ఎత్తిపోతలతో గోదావరి నీళ్లు ఎక్కించారు. ఇది మెచ్చుకోవలసిన పనే. చెరకు మాత్రం నిలవలేదు. దానికి నీళ్లొక్కటే కారణం కాదు, 2002 నాటి ఫ్యాక్టరీ ప్రైవేటీకరణ కథ వేరే ఉంది.

2015-16లో సింగూరు, నిజాంసాగర్ రెండూ అడుగంటాయి. 2025 ఆగస్టులో కామారెడ్డి వైపు ఒకటి రెండు రోజుల్లోనే కుండపోత కురిసి, 1922 నాటి పోచారం జలాశయానికి కట్టినప్పటి అంచనాకు రెండింతలు మించిన వరద వచ్చింది. కట్ట దెబ్బతిన్నా నిలబడింది. అది పాతకాలపు పనితనం. ఇప్పటి ముందుచూపుగా లెక్క రాసుకుంటే పొరపాటు.

కట్టడంలో ఈ శాఖకు చేయి తిరిగింది. నడపడంలోనే తడబాటు. చెరువు మీద నీరటి, కాల్వ మీద లష్కర్ ఉన్నప్పుడు తూము ఎప్పుడు ఎత్తాలో, మత్తడి ఎప్పుడు దూకుతుందో చెప్పే మనిషి ఉండేవాడు. 1997 చట్టంతో నీటి సంఘాలొచ్చాయి, ఎన్నికలు ఆగి చల్లబడ్డాయి. మిషన్ కాకతీయ 2015లో, అప్పటికి మన జిల్లాలోనే ఉన్న సదాశివనగర్‌లో మొదలై చెరువుల పూడిక తీసింది. మళ్లీ పేరుకునే మట్టిని ఏటా చూసే చేతులను మాత్రం ఇవ్వలేదు. 2020 చివర్లో ఒక్కో ప్రాంతంలోని చెరువులు, కాల్వలు, ఎత్తిపోతలు అన్నీ ఒకే చీఫ్ ఇంజనీరు కిందికి వచ్చాయి. ఎగువ చెరువు నిండగానే దిగువ తూము దగ్గరి మనిషికి ఫోన్ వెళ్లేలా చూడడానికి ఇక కొత్త జీవో అక్కర్లేదు.