చర్చి పుస్తకంలో తాతల పేర్లు

1876 మొదలు 1915 వరకు ఇటలీని విడిచి పరదేశాలకు వెళ్లినవారు సుమారు కోటీ నలభై లక్షల మంది. అర్జెంటీనా, బ్రెజిల్, అమెరికాలలో స్థిరపడిన వారి సంతతిలో అనేకులకు నేడు ఇటాలియన్ భాష రాదు. ఇంటిపేరు మాత్రం మిగిలింది. ఆ ఒక్కదానితో పూర్వీకుల జాడ తెలియదు. రొస్సీ, ఫెర్రారీ వంటి ఇంటిపేర్లు ఎన్నో ఊళ్లలో ఉన్నాయి. కావలసినది ఊరిపేరు, వీలైతే ఆ ఊరి చర్చి పేరు. పొరుగు రాష్ట్రాలలో తరతరాలుగా ఉంటున్న మనకు ఈ సంగతి వేరే వివరింపనక్కరలేదు.

చర్చి పేరెందుకు అంటారా? ఐక్య ఇటలీ ప్రభుత్వం జనన మరణాల నమోదును 1866లో గానీ ప్రారంభించలేదు. వెనిస్ ప్రాంతంలో 1871లో. నెపోలియన్ కాలపు నమోదు దక్షిణాదిన కొనసాగింది గానీ, ఉత్తరాదిన చాలాచోట్ల 1815 ప్రాంతంలో ఆగిపోయింది. అంతకు ముందరి సాక్ష్యం చర్చి పుస్తకమే. వివాహాలను, జ్ఞానస్నానాలను ప్రతి విచారణ గురువూ పుస్తకంలో వ్రాయవలెనని ట్రెంట్ మహాసభ 1563లో శాసించింది. 1614లో ఐదవ పౌలు పోపు వెలువరించిన విధి గ్రంథం మరణాల పుస్తకాన్నీ, 'ఆత్మల స్థితి' అనే పుస్తకాన్నీ వాటికి చేర్చింది. ఈ చివరిదే అన్నిటికన్న విలువైనదని నా అభిప్రాయం. గురువు ఇంటింటికీ వెళ్లి, ఆ గడపలోని వారందరి పేర్లూ వయస్సులూ వ్రాసుకొన్నది గదా!

ఇక చదవడం. భాష ప్రాయికంగా లాటిన్. ఊరంతా జొవాన్ని అని పిలిచినవాడు పుస్తకంలో యోహాన్నెస్ అవుతాడు; జాకొమో యాకోబుస్ అవుతాడు. బిడ్డ తండ్రి పేరు ప్రక్కన తాత పేరు కూడ తరచు ఉంటుంది. తాత పేరుకు ముందు 'క్వొందాం' అని ఉంటే ఆయన అప్పటికే కీర్తిశేషుడని అర్థం. ఆ ఒక్క మాటతో, మరణాల పుస్తకంలో ఏ తేదీకి ముందు వెదకాలో తెలిసిపోతుంది. ఇంకొక సదుపాయం: మనలో వివాహమైన స్త్రీ ఇంటిపేరు మారుతుంది, అక్కడి పుస్తకాలలో ఆమె పుట్టింటి పేరే నిలుస్తుంది. అందువల్ల తల్లి వైపు వంశాన్నీ పైకి అనుసరించవచ్చును.

ఫ్లారెన్సు కథ వేరు. అక్కడ నగరపు శిశువులందరికీ సాన్ జొవాన్ని జ్ఞానస్నాన మందిరంలోనే స్నానమిచ్చేవారు. మగబిడ్డకు ఒక నల్ల చిక్కుడు గింజ, ఆడబిడ్డకు ఒక తెల్ల గింజ తీసిపెట్టి లెక్కించేవారనీ, ఏటా అయిదున్నర వేల నుండి ఆరు వేల మంది తేలేవారనీ పదునాలుగవ శతాబ్దపు చరిత్రకారుడు విల్లానీ వ్రాశాడు. గింజలు లెక్క చెప్పగలవు గాని పేరు చెప్పలేవు. పేర్లు వ్రాసిన పుస్తకాలు 1450 నుండి నిలిచి ఉన్నాయి. ట్రెంట్ శాసనానికి నూరేళ్లకు పైగా ముందరివి.

కొన్ని వంశాల దారి మాత్రం మధ్యలో తెగిపోతుంది. నేపుల్స్‌లో నేటికీ విరివిగా వినిపించే ఎస్పోజితో అనే ఇంటిపేరుకు 'బయట విడువబడినవాడు' అని అర్థం. అక్కడి అన్నున్‌చాతా ఆశ్రమపు గోడలో, శిశువును లోపలికి చేర్చే తిరుగుడు చక్రం 1875 వరకు ఉండేది. ఫ్లారెన్సులో 1445లో మొదటి శిశువును చేర్చుకొన్న ఇన్నొచెంతీ అనాథాశ్రమంలోనైతే, కొందరు తల్లులు పతకాన్ని రెండుగా విరిచి ఒక సగం బిడ్డతో ఉంచేవారు. ఎటువంటి సగమో పుస్తకంలో వ్రాసి ఉన్నది. రెండవ సగం తల్లి దగ్గర ఉండిపోయింది.